మిరియం తోడుంటే మందు పదునెక్కుతుందా?

మూత్రానికో, మానని పుండుకో "కల్చర్" పరీక్ష చేయించినప్పుడు ల్యాబు వాళ్ళిచ్చే కాగితం ఎప్పుడైనా నిదానంగా చదివారా? ఎడమవైపు వరసగా మందుల పేర్లు, వాటికెదురుగా ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం. "ఎస్" అంటే సెన్సిటివ్. మన ఒంట్లో చేరిన సూక్ష్మజీవి ఆ మందుకి లొంగుతుందన్నమాట. "ఆర్" అంటే రెసిస్టెంట్. లొంగదు, మొండికేసింది. ఎస్‌లు ఎక్కువుంటే డాక్టరుగారి ముఖం తేటగా ఉంటుంది. ఆర్‌లు బారులు తీరితే కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు.

మా పెద్దత్తగారి కాగితంలో ఆర్‌లే పద్నాలుగు. ఏలూరు పవర్‌పేటలో ఉంటారావిడ. డెబ్బై దాటాయి, షుగరుంది. మూత్రంలో మంటని రెండుసార్లు మందులషాపులో అడిగి తెప్పించుకున్న మాత్రలు మింగారు. మూడేసి రోజులు వేసుకోవడం, తగ్గింది కదా అని మానేయడం. మూడోసారి చలిజ్వరం వచ్చింది, ఏ మాత్రా పనిచేయలేదు. పరీక్ష చేస్తే ఇ.కోలై అనే సూక్ష్మజీవి. నోటితో మింగే మందుల్లో ఒక్కటీ మిగల్లేదు. నరంలోకి ఎక్కించే మూడు ఇంజెక్షన్లకి మాత్రం ఎస్. పది రోజులు ఆస్పత్రిలో ఉంచి ఎక్కించారు. నేను తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరులో వెళ్ళి పక్కన కూచునేదాన్ని.

"ఏమే అమ్మాయ్, ఇన్ని సూదులెందుకే? మా రోజుల్లో మిరియాల కషాయం, పసుపు పాలు, నేలవేము... వీటితోనే గట్టెక్కలేదూ? మందుకి లొంగనిది మొక్కకి లొంగదంటావా?" అని అడిగారొకరోజు.

నర్సు నవ్వి ఊరుకుంది. నేను ఊరుకోలేకపోయాను. దొరికినవి చదవడం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, శాస్త్రవేత్తలు కూడా ఇంచుమించు ఇదే ప్రశ్న అడుగుతున్నారు. కాకపోతే ఒక్క మాట మార్చి. మందుకి బదులుగా మొక్క కాదు, మందుకి తోడుగా మొక్క! లొంగని సూక్ష్మజీవుల వల్లే నేరుగా 2019లో ప్రపంచం మొత్తం మీద 12 లక్షల 70 వేలమంది పోయారని లెక్కగట్టారు. కొత్త యాంటీబయాటిక్‌లు చూస్తే అరుదుగా గానీ రావడం లేదు. ఉన్న మందులకే మళ్ళీ పదును పెట్టగలిగితే అంతకంటే కావలసిందేముంది?

తోడిపోసే ఇంజను

కైకలూరు, ఆకివీడు వైపు చేపలు పట్టే ముందు చెరువు తోడడం చూసే ఉంటారు. గట్టు మీద ఆయిలింజను పెట్టి, లావుపాటి గొట్టం నీళ్ళలోకి దించి, డబడబా తోడి అవతల కాలవలో పోస్తారు. కొన్ని సూక్ష్మజీవులు చేసేది అచ్చంగా ఇదే. వాటి గోడలో పంపులుంటాయి. మనం మింగిన మందు లోపలికి చేరడం ఆలస్యం, తోడి బయట పోసేస్తాయి. చావడానికి కావలసినంత మందు లోపల నిలవదు.

యాంటీబయాటిక్‌ని తోడిపోసే పంపుని 1980లో అమెరికాలో, టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో స్టువర్ట్ లెవీ బృందం బయటపెట్టింది. అది తోడేస్తున్న మందు టెట్రాసైక్లిన్. (ఆ మందు కథలో మన భీమవరం ఆయన ఒకరున్నారు. ఆయన దగ్గరికి తరవాత వస్తాను.) చీముగడ్డలకి కారణమయ్యే స్టెఫలోకాకస్‌లో నార్-ఎ అని ఇంకో పంపుంది. విరేచనాలకనీ, మూత్రంలో మంటకనీ మనవాళ్ళు మంచినీళ్ళలా మింగే సిప్రోఫ్లాక్ససిన్, నార్‌ఫ్లాక్ససిన్‌లని అది తోడేస్తుంది.

పంపుల్లేని చోట కత్తెర్లుంటాయి. అంటే మందుని ముక్కలు చేసే ఎంజైములు. గొంతునొప్పికో పంటినొప్పికో రాసే అమాక్సిసిలిన్ మాత్ర పేరు చివర ఒక్కోసారి "క్లావ్" అని ఉంటుంది, గమనించారా? క్లావులనిక్ ఆమ్లం అది. తనంతట తాను సూక్ష్మజీవిని పెద్దగా చంపలేదు. కత్తెరకి అడ్డం పడి, అమాక్సిసిలిన్‌ని దాని పని దాన్ని చేసుకోనిస్తుంది, అంతే. ఈ జంట 1981 నుంచీ అమ్మకంలో ఉంది. కాబట్టి తోడు మందన్న ఊహ కొత్తదేం కాదు. క్లావ్ మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి ఇచ్చింది. పంపు మూతికి గుడ్డ కుక్కే తోడు మొక్కల్లో ఉందా అన్నదే ప్రశ్న.

జమ్మూలో మిరియాలు

ఉంది. మిరియం!

ఆయుర్వేదంలో శొంఠి, పిప్పలి, మిరియం... త్రికటుకాలంటారు. ఏ యోగం చూసినా ఈ మూడూ తగులుతూనే ఉంటాయి. ఎందుకు? 1970ల చివర్లో జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనశాలలో డాక్టర్ సి.కె. అటల్ ఈ ఆరా తీశారు. మిరియానికీ పిప్పలికీ ఘాటు తెచ్చే పదార్థం పైపరిన్. కొన్ని మందులు రక్తంలోకి ఎక్కువగా చేరేలా, ఎక్కువసేపు నిలిచేలా అది చేస్తుందని తేలింది. వైద్యుడు ఘాటు కోసం వేశాడనుకున్నది నిజానికి మందుని లోపలికి తోయడానికన్నమాట.

2006లో అదే జమ్మూ సంస్థ వాళ్ళు ఇంకో అడుగు వేశారు. స్టెఫలోకాకస్ మీద సిప్రోఫ్లాక్ససిన్ ఒక్కదాన్నీ వేసి చూశారు, పైపరిన్‌తో కలిపీ వేసి చూశారు. జంటగా వేసినప్పుడు సిప్రో తక్కువ మోతాదే సరిపోయింది. పంపు పని మందగించిందన్నమాట. అంతేకాదు, మందుకి కొత్తగా మొండికేసే జీవులు పుట్టుకురావడం కూడా తగ్గింది. నన్నడిగితే ఈ రెండో సంగతే ఎక్కువ విలువైనది.

2009లో ఇదే సంస్థ పరిశోధన ఆధారంగా కాడిలా ఫార్మా కంపెనీ క్షయకి ఒక మాత్ర తెచ్చింది. పేరు రైసోరిన్. రిఫాంపిసిన్ 200 మిల్లీగ్రాములు, ఐసోనియజిడ్ 300, పైపరిన్ 10. మామూలుగా పెద్దవాళ్ళకి 450 దాకా ఇచ్చే రిఫాంపిసిన్‌ని సగానికంటే తగ్గించగలిగారు. (ప్రభుత్వ క్షయ కార్యక్రమంలో ఇచ్చే మాత్రలు ఇవి కావు. వాటి మోతాదు వేరు.)

ఇక్కడ నేను వంటింటి లెక్క ఒకటి వేశాను. మిరియంలో పైపరిన్ నూటికి అయిదు పాళ్ళ పైచిలుకు ఉంటుంది. పది మిల్లీగ్రాములంటే నాలుగైదు మిరియపు గింజలు. అయితే చారులో నాలుగు గింజలు ఎక్కువ నూరేస్తే సరిపోదా అనిపిస్తుంది కదూ! సరిపోదు. పైపరిన్ నీళ్ళలో సరిగా కరగదు. పాడేరు మిరియంలో ఉన్నంత కేరళ మిరియంలో ఉండాలని లేదు, నిరుడు దంచిన పొడిలో ఉన్నంత ఈ ఏటి గింజలో ఉండాలనీ లేదు. మాత్రలోదయితే తూచి వేసింది, మనుషుల మీద పరీక్షించింది. పైగా ఆ పది మిల్లీగ్రాములు చేసే పని రిఫాంపిసిన్‌ని రక్తంలోకి తోయడం. సూక్ష్మజీవి పంపుకి అడ్డం పడాలంటే గాజుగిన్నెలో వాడినంత గాఢత కావాలి. అంత గాఢత రక్తంలోకి రావాలంటే చారు కాదు కదా, మిరియాలు బస్తాలకొద్దీ తిన్నా సాధ్యం కాదేమో!

మొక్క తనకోసం చేసుకున్న జంట

మిరియం సంగతి కంటే నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. మాను పసుపు, దారుహరిద్ర... మందుల కొట్లో పసుపుపచ్చటి చెక్కలుగా అమ్ముతారే, వాటిలో బెర్బెరిన్ అనే పదార్థముంది. సూక్ష్మజీవుల్ని చంపే గుణం దానికుంది, కానీ స్టెఫలోకాకస్ పంపు దాన్ని ఇట్టే తోడేస్తుంది. మరి మొక్క ఇంత నిష్ప్రయోజకమైన ఆయుధాన్ని ఎందుకు తయారు చేసుకున్నట్టు? 2000 సంవత్సరంలో అమెరికాలో ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ తదితరులు దారుహరిద్ర జాతి మొక్కల్ని పరీక్షిస్తే జవాబు దొరికింది. అదే మొక్క రెండో పదార్థం ఒకటి తయారు చేసుకుంటోంది. అది దేన్నీ చంపదు. పంపుని ఆపుతుంది. రెండూ కలిస్తే బెర్బెరిన్ పనిచేస్తుంది. జంట మందు సంగతి మనకంటే ముందే మొక్కకి తెలుసు!

తేయాకులోనూ ఇలాంటిదుంది. పచ్చ తేయాకులో ఎక్కువగా ఉండే ఒక కాటెకిన్, టెట్రాసైక్లిన్‌ని తోడే పంపుకి అడ్డం పడుతుందని 2004లో ఇటలీ శాస్త్రవేత్తలు రాశారు. మన వాములోని థైమాల్ ఇంకో దారిలో వెళ్తుంది. సూక్ష్మజీవి పైపొరని బీటలు వారుస్తుంది.

ఇన్ని ఉంటే మందుల షాపులో ఒక్కటీ కనపడదేం? దీనికి జవాబు మందుమొక్కల భక్తులకి నచ్చకపోవచ్చు. మొండికేసిన సూక్ష్మజీవి పంపుని ఆపడానికంటూ మొక్క నుంచి తీసిన ఏ తోడు మందూ ఇంతవరకు ఆస్పత్రి దాకా రాలేదు. సర్పగంధిలోని రిసర్పిన్ చూడండి. నార్-ఎ పంపుని బ్రహ్మాండంగా ఆపుతుంది. కానీ అందుకు కావలసినంత రిసర్పిన్ ఒంట్లోకి వెళ్తే మనిషికే ప్రమాదం. అది బి.పి. మందు మరి! ఇంకో చిక్కు మా పెద్దత్తగారి ఇ.కోలై లాంటి వాటితో. స్టెఫలోకాకస్‌కి లేని రెండో పొర వాటికి బయట ఉంది, పంపులూ బలమైనవి. స్టెఫలోకాకస్ మీద గెలిచిన మొక్క పదార్థాలు చాలావరకు ఇక్కడికొచ్చి చతికిలబడతాయి. ఆవిడ అడిగిన ప్రశ్నకి ఇప్పటికి నేను చెప్పగలిగిన నిజమైన జవాబు ఇదే.

పసుపు ఎదురు తిరిగిన చోట

తోడు వచ్చేవన్నీ మేలు చేయడానికే వస్తాయని లేదు. ఈ సంగతి అందరూ, ముఖ్యంగా పిల్లలున్న తల్లులు చదవాలి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు పసుపులోని కుర్కుమిన్‌ని టైఫాయిడ్ సూక్ష్మజీవితో, దానికి దగ్గరి జాతి సాల్మొనెల్లాతో పెట్టి చూశారు. కుర్కుమిన్ తోడైతే సిప్రోఫ్లాక్ససిన్ బలం పెరగలేదు సరికదా, తగ్గింది! 2013లో వచ్చిన పత్రమిది. కుర్కుమిన్ సూక్ష్మజీవిని కాచుకుందని వాళ్ళ నిర్ధారణ. అంతకుముందు 2010లో అదే బృందం ఎలుకల మీద చూస్తే, కుర్కుమిన్ ఇచ్చిన ఎలుకల్లో సాల్మొనెల్లా జబ్బు మరింత ముదిరింది.

కూరలో చిటికెడు పసుపు మానేయమని నా ఉద్దేశం కాదు. పరీక్షల్లో వాడింది కుర్కుమిన్, మన పోపు కాదు. కానీ జ్వరమొచ్చిన పిల్లాడికి చెంచాలకొద్దీ పసుపు కలిపిన పాలిచ్చి, ఆ పాలతోనే మాత్ర మింగించే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది చూశారూ, అది రెండందాల తప్పు. సిప్రో, టెట్రాసైక్లిన్ జాతి మాత్రల్ని పాలలోని కాల్షియం పట్టుకుని రక్తంలోకి ఎక్కకుండా పేగుల్లోనే ఆపేస్తుంది. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు చేసేదీ అదే. రెంటికీ నడుమ ఎన్ని గంటలుండాలో డాక్టరుని అడగాలి.

ఇంకొకటి. "పసుపు, మిరియం సారం" అని సీసాలలో మాత్రలు అమ్ముతున్నారు. కుర్కుమిన్ ఒంటికి పట్టదు కాబట్టి పైపరిన్ కలుపుతారు. ఆ పైపరిన్ కుర్కుమిన్‌నొక్కదాన్నే లోపలికి తోసి ఊరుకుంటుందా? ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, ఆయాసానికి వాడే థియోఫిలిన్, గుండెదడకి వాడే ప్రొప్రనలాల్... వీటి పాళ్ళు కూడా రక్తంలో పెరుగుతాయని మన దేశంలోనే మనుషుల మీద చూసి రాశారు. రోజూ మందులు వేసుకునే పెద్దవాళ్ళకి ఆ సీసా కొనిచ్చేముందు డాక్టరుకి చూపించండి. ఆకు మందే కదా, ఏం చేస్తుందిలే అనే మాట నాకెప్పుడూ నచ్చదు. పనిచేసేదైతే ఏదో ఒకటి చేస్తుంది మరి!

యాంటీబయాటిక్ అట్ట మీద నిలువునా ఎర్రగీత ఉంటుంది. దాని అర్థమేమిటో 2016లో కేంద్రప్రభుత్వం ప్రచారం చేసింది. డాక్టరు చీటీ లేనిదే కొనకూడదని. మన షాపుల్లో ఎంతమంది చీటీ అడుగుతున్నారో మీకూ తెలుసు.

బంగారు మందు, కోడిపిల్లలు

ఇక భీమవరం ఆయన. యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895 జనవరి 12న పుట్టారు. స్ప్రూ అనే పేగుల వ్యాధితో ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో పోతే చూసిన మనిషి. మద్రాసులో వైద్యం చదివి, ఖద్దరు కట్టినందుకు ఇంగ్లీషు ప్రొఫెసరు కోపానికి గురై, పూర్తి డిగ్రీ దక్కక, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆయుర్వేదం చెప్పిన ఆ చేతులే తరవాత అమెరికాలో లెడర్లే కంపెనీ పరిశోధనలన్నిటినీ నడిపించాయి. అక్కడే బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన 1945లో మట్టిలో పెరిగే బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అదే. 1948లో లోకానికి ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఆయన పోయాక జరిగిన సంగతి మన పుస్తకాల్లో అంతగా కనపడదు. ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని అదే కంపెనీలో కోడిపిల్లల మేతలో కలిపితే అవి గబగబా బరువెక్కాయి. 1950లో స్టోక్‌స్టాడ్, జ్యూక్స్ అనే ఇద్దరు దాన్ని ప్రకటించారు. జబ్బు లేని కోడికి రోజూ కాస్త యాంటీబయాటిక్! ఆ తరవాత లోకమంతా కోళ్ళకి, పందులకి, పశువులకి అదే అలవాటైంది. రోజూ కాస్త అంటే సూక్ష్మజీవి చచ్చేంత కాదు, నేర్చుకునేంత. మా గూడెం చుట్టుపక్కల, తణుకు దాకా ఎన్ని కోళ్ళఫారాలో లెక్కలేదు. మనుషులకి ఆఖరి ఆసరాగా దాచుకోవలసిన కోలిస్టిన్ కూడా మేతల్లోకి దిగిపోతే 2019 జులైలో కేంద్రం దాన్ని జంతువుల పెంపకంలో నిషేధించవలసి వచ్చింది.

నీళ్ళలోకి చేరేది మేత ద్వారానే కాదు. 2007లో స్వీడన్ పరిశోధకులు హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో, మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే చోట బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ తేలింది. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ! జమ్మూలో మిరియంతో సిప్రోకి పదును పెడుతుంటే, ఇక్కడ నీళ్ళలో కలిపి మొద్దుబారుస్తున్నాం.

కొల్లేటి కట్ట మీద

మా ఆడపడుచుని కైకలూరు అవతల ఇచ్చారు. అయిదో కాంటూరుకి బయట వాళ్ళకి రెండు చెరువులున్నాయి. 2006లో కొల్లేరు లోపలి గట్లు కొట్టేసినప్పుడు వాళ్ళవి మిగిలాయి. ఒకదాంట్లో రాగండి, బొచ్చె. ఇంకోదాంట్లో రొయ్య. ఏలూరు మురుగంతా తమ్మిలేరు మోసుకొచ్చేది కూడా అటే కొల్లేట్లోకే.

రొయ్యకి మందు పెట్టాలంటే వాళ్ళకి భయం. 2016లో యూరపు దేశాలు మన చెరువు రొయ్యల్లో పరీక్షకి తీసే సరుకుని నూటికి పది నుంచి యాభైకి పెంచాయి. యాంటీబయాటిక్ ఆనవాలు తేలితే సరుకు వెనక్కే. అందుకని పట్టుబడికి ముందే నమూనా పరీక్షకి వెళ్తుంది. చేప మాట వేరు. మన దేశంలో తినే చేపకీ కాగితం మీద హద్దులున్నాయి. "మా కట్ట మీదికి అడగడానికి ఇంతవరకు ఎవరూ రాలేదొదినా. పరదేశం వాళ్ళు తినే రొయ్యకి ఉన్న పరీక్ష మన పిల్లలు తినే చేపకి లేదు" అంది.

చేపకి పుండ్లు పడ్డాయంటే మందుల కొట్టువాడు చెప్పిన పొడి మేతలో కలపడం వాళ్ళకి అలవాటు. నేను చదివినవన్నీ ఏకరువు పెడుతుంటే ఓపిగ్గా వింది. పంపు సంగతికి మాత్రం పకపకా నవ్వింది... వాళ్ళ ఇంజను అప్పుడే బాగుచేయించి తెచ్చారట. కిందటేడు వాళ్ళాయన ఆ పొడి మానేసి, మేతలో వెల్లుల్లి నూరి కలపడం, నీళ్ళలో సున్నంతో పాటు పసుపు చల్లడం మొదలుపెట్టాడు. చేపల మీద ఇలాంటివి పరిశోధనశాలల్లోనూ చూస్తున్నారు. ఆ యేడు జబ్బు బాగా తగ్గిందంది.

"అయితే వెల్లుల్లి పనిచేసిందన్నమాట!" అన్నాను సంబరంగా.

"ఏమో ఒదినా," అంది. "కిందటేడు డబ్బుల్లేక పిల్ల సగమే వేశాం. వెల్లుల్లి పనిచేసిందో, చెరువులో చోటు దొరికి బతికాయో... ఈ యేడు పిల్ల నిండుగా వేశాం. చూడాలి."